ముందు సీటు కింద

పాటల మోత పెంచే సబ్ వూఫర్ డబ్బా కొనడం తేలికే. దాన్ని నా చిన్న కారులో ఎక్కడ ఇరికించాలన్నదే తంటా. కారు గ్యాస్‌తో నడిచేది, డిక్కీలో చోటంతా ఆ సిలిండరే తినేసింది. తార్నాకలో కార్లకు స్టీరియోలు బిగించే పెద్దాయన టేపుతో కొలుస్తూ కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"వెనక సీటు మీద పెడితే ఒక మనిషి జాగ పోతది సార్. ముందు సీటు కింద పడతది గాని, సీటు ముందుకు గుంజి పెట్టాలె. ఇగ వెనకకు జరగదు. పొడుగోళ్లు ఎవరన్న కూసుంటరా?"

"ఎవరూ కూర్చోరు, పెట్టేయండి" అని కసిరాను. పాపం, ఆ కోపం ఆయన మీద కాదు.

ఆరేళ్లుగా ఆ సీటు నా స్నేహితుడిది. అతను యూనివర్సిటీ క్యాంపస్ లైబ్రరీలో, నేను అక్కడే పరీక్షల విభాగంలో గుమాస్తాలం. రోజూ హబ్సిగూడ నుంచి వస్తూ తార్నాక స్టాపులో ఎక్కించుకునేవాణ్ణి. తాటిచెట్టంత మనిషి. ఎక్కగానే సీటు చివరిదాకా వెనక్కి నెట్టి, కాళ్లు చాపి, "ఇగ పోనీ అన్నా" అనేవాడు. నేను పెట్టే పాటలను దారంతా వెక్కిరించేవాడు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఒకనాడు భోజనాల దగ్గర మాటా మాటా పెరిగి, "మేమొచ్చాకేగా మీ ఊరు బాగుపడింది" అనేశాను. కోస్తా నుంచి వచ్చిన మా ఇళ్లలో వందసార్లు విన్న మాటే. అతని ముందు అనడం మాత్రం అదే మొదలు. అతను టిఫిన్ డబ్బా మూసి లేచిపోయాడు. మర్నాటి నుంచి బస్సులో వెళ్లడం మొదలుపెట్టాడు. తప్పయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కారులో ఒక్కణ్ణే ఉండలేక ఈ సబ్ వూఫర్ కొన్నాను. అద్దాలు అదిరేంత మోత పెట్టినా ఒంటరితనం పోలేదు.

రెండు నెలల తర్వాత రెండు రోజుల బంద్ వచ్చింది. బస్సులు లేవు. తార్నాకలో నడిచి వెళ్తున్న అతన్ని చూసి కారు ఆపి, ముందు తలుపు తీశాను. కాసేపు తటపటాయించి ఎక్కాడు. మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు కొట్టుకున్నాయి. అలవాటుగా సీటు కింద మీట లాగాడు. సీటు కదలలేదు. వంగి చూశాడు.

"మంచిగ పెట్టించినవ్" అన్నాడు. క్యాంపస్ వచ్చేదాకా మోకాళ్లు దగ్గరికి ముడుచుకునే కూర్చున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

దుకాణాలు మూసి ఉన్నాయి. సాయంత్రం ఇంటికెళ్లి నేనే స్క్రూలు విప్పి, వేళ్లు గీరుకుపోయినా ఆ డబ్బాను బయటికి లాగాను. సీటును చివరిదాకా వెనక్కి నెట్టాను.

మర్నాడు అతను స్టాపులోనే ఉన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ముందు తలుపు తీశాను. అతను దాన్ని మెల్లగా మూసి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. నేను వెనక్కి నెట్టిన సీటు వెనక అతని కాళ్లకు చోటే లేదు.

"అది తీసేశానయ్యా, ముందుకు రా."

"వద్దు సార్. గీడ మంచిగనే ఉన్నది."

ఆరేళ్లలో అతను నన్నెప్పుడూ సార్ అనలేదు. చెయ్యి చాపి మీట లాగి, ఖాళీగా ఉన్న ముందు సీటును నేనే మళ్లీ ముందుకు జరిపాను.