ప్లైవుడ్ ఇంటి వెనకాల ఇల్లు

కూర్చోవే. అలా కుర్చీ అంచున కాదు, సరిగ్గా కూర్చుని విను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ కవిత్వం కలపకు.

మన ఫిల్మ్‌నగర్ స్థలంలో ముందు మేడ ఉంది కదా, షూటింగులకి అద్దెకిచ్చేది. దాని వెనకాల చిన్న డాబాలో సినిమా బట్టలు కుట్టే ఆవిడ అద్దెకుంటుంది. పోయిన వానాకాలం గాలికి చెట్టు విరిగి డాబా మీద పడి వంటింటి కప్పు కూలింది. ఇన్సూరెన్సు ఉందిలే అని ధీమాగా ఉన్నాం. తీరా అడిగితే, పాలసీలో మేడ ఒక్కటే ఉందండీ, డాబా లేదండీ అన్నారు. మీ తాతగారేమో, "ఒకటే స్థలం, ఒకటే గేటు, ఇంక వేరే రాయించడమేంటండీ" అని వాళ్లతో వాదన. గేటుకి కాదుట ఇన్సూరెన్సు. ఏ ఇంటికా ఇల్లు విడిగా రాయించాలిట.

కప్పు మనమే వేయించాం. కానీ ఆవిడకి బెంగ పట్టుకుంది. "మళ్లీ పడితే మళ్లీ వేయించగలరా పిన్నిగారూ? మబ్బు పడితే చాలు, నాకు నిద్ర పట్టట్లేదు. ఈసారైనా రాయించండి, లేకపోతే యూసుఫ్‌గూడ వెళ్లిపోతాను" అంది. ఆవిడ వెళ్లిపోతే నా జాకెట్లెవరు కుడతారు?

సరే, పాలసీ రెన్యువల్‌కి ఇళ్లు చూడ్డానికి ఇన్సూరెన్సు వాళ్ల నుంచి ఒకాయన వచ్చాడు. ఆ రోజే షూటింగు. సెట్టు వాళ్లు పెరట్లో ప్లైవుడ్‌తో పల్లెటూరి ఇల్లు నిలబెట్టారు. అరుగూ, పెంకులూ, ముగ్గూ అన్నీ రంగే. వెనకాల డాబా కనపడితే ఒట్టు. నేను కాఫీ తెచ్చేలోపు ఆయన దానికి ఎదురుగా నిలబడి ఫొటోలు తీసేస్తున్నాడు.

"రెండో ఇల్లు భలే ఉందండీ. కట్టి ఎన్నాళ్లయింది?"

రంగేసే అతను తల కూడా తిప్పకుండా, "నిన్న" అన్నాడు.

నవ్వకు, రాయి. ఆయన ఆ తలుపు తోశాడు. అవతల గది లేదు, ఆకాశం ఉంది. తాడు మీద రాజుగారి కోట్లు ఆరేసి, మెడలో టేపుతో మన బట్టలు కుట్టే ఆవిడ నిలబడి ఉంది. "ఆ ఇల్లు రేపు లారీ ఎక్కుద్దండీ. నేనుండేది ఇందులో, దీన్ని రాసుకోండి" అంది.

పాపం, ఆయనా నవ్వేశాడు. డాబా అంతా కొలిచాడు. "ఇల్లు వీళ్ల పాలసీలోకి వస్తుందమ్మా. లోపలి మిషన్లూ బట్టలూ మీవి కాబట్టి మీరు విడిగా చేయించుకోవాలి" అన్నాడు.

"కిరీటాలు కూడానా అండీ?"

"అట్టవేగా, వదిలేయండి."

పాలసీలో మేడ వేరే, డాబా వేరే వచ్చాయి. ఆవిడకి నేనే చదివి వినిపించాను. మొన్న అంత వానలో పొద్దెక్కినా ఆవిడ తలుపు తియ్యలేదు. కంగారుపడి వెళ్లి కొట్టాను. కళ్లు నులుముకుంటూ వచ్చి, "కాసేపు పడుకోనివ్వరా పిన్నిగారూ" అంది. పాలసీ రాయిస్తే కప్పేమన్నా గట్టిపడిందా, ఏంటమ్మా ఈ నిద్ర అన్నాను. దానికావిడేమందో తెలుసా... ఆఁ, వస్తున్నాం. మీ అమ్మ అన్నానికి పిలుస్తోంది, లే. ఆవిడేమందంటే, కప్పు సంగతి కాదు పిన్నిగారూ, అసలు నేనుండేది కూడా ఒక ఇల్లేనని కాయితం మీద రాశారు కదా, అందుకే నిద్ర పడుతోంది అంది... వస్తున్నానన్నానా, ముందు ఆ చారు పొయ్యి మీంచి...