హుయిలా గింజల వాసన

ఆయిల్ డబ్బుతో దోహా నెలకో అంతస్తు పెరుగుతున్న రోజుల్లో, నేను అల్ సద్‌లో కాఫీ గింజలు వేయించే ఒక దుకాణంలో స్టోరు చూసేవాణ్ని. బస్తాలన్నిటిలోకీ కొలంబియాలోని హుయిలా కొండల నుంచి వచ్చే గింజకే గిరాకీ ఎక్కువ. సరిగ్గా వేగితే బెల్లం పాకంలాగా, చల్లారాక నారింజ తొక్కలాగా ఉంటుందని మా వేయించే అన్న చెప్పేవాడు. ఆయనది జగిత్యాల వైపు ఊరు. వాసనను బట్టే గింజలు దించేవాడు. నాది ఏడో తరగతితో ఆగిన చదువు, సొంతంగా నేర్చుకున్న లెక్క. ఎంత వేడిలో పోసి ఎన్ని నిమిషాలకు దించాడో నోటుబుక్కులో రాసుకునేవాణ్ని.

"గడియారం కాఫీ తాగుతదారా?" అని నవ్వేవాడు.

ఒక చలికాలం ఆయనకు జ్వరం వచ్చి తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. మేనేజరుకు తెలిస్తే ఇంటికి పంపేస్తాడు.

"తమ్మీ, ఇగ నీ బుక్కే నా ముక్కు," అన్నాడు.

ఆరు నెలలు నేను నిమిషాలు చెప్పాను, ఆయన దించాడు. ఎవరికీ తెలియలేదు.

అప్పుడు కొత్త పంట వచ్చింది. నా అంకెలు గోదాంలో ఎండిన పాత గింజలవి. కొత్త గింజలో తడి ఎక్కువ, ఇంకాసేపు వేగాలి. నాకది తట్టలేదు. పాత లెక్కే చెప్పాను, పదకొండు నిమిషాల పది సెకన్లు.

మేనేజరు ఆ గింజల కాఫీ ఒక గుక్క తాగి కప్పు పక్కన పెట్టాడు. గింజలు దోసిట్లో తీసి అన్న ముక్కు దగ్గర పెట్టి, "ఏం వాసన?" అని హిందీలో అడిగాడు.

అన్న నా వైపు చూశాడు. దానికి నా బుక్కులో అంకె లేదు.

ఎప్పటిలాగే బెల్లం పాకం, నారింజ అని చెప్పాడు. అవి పచ్చిగడ్డి వాసన కొడుతున్నాయి.

తప్పు నా లెక్కదని చెప్పాను. "లెక్క దిద్దుకోవచ్చు. ఇతని ముక్కుకేమైంది?" అన్నాడు మేనేజరు. వారంలో అన్న చేతికి ఇంటి టికెట్టు వచ్చింది.

వెళ్ళే రోజు పొద్దున నలభై సెకన్లు కలిపి వేయించాను. అన్న సంచీ పట్టుకుని వచ్చి గుప్పెడు వేడి గింజలు తీసుకున్నాడు.

"ఎట్లున్నది, చెప్పు."

మొదటిసారి గడియారం వదిలి ముక్కు వంచాను. "బెల్లం తెలుస్తున్నదన్నా."

"మరి నారింజ?"

"దొరుకుతలేదు."

"సల్లారనియ్యిరా. అప్పుడొస్తది."

బయట బండి హారన్ కొట్టింది. గింజలు ఇంకా వేడిగానే ఉన్నాయి.