ఏటవాలు మీద పోసిన ఆయిలు

తిరుపతి నుంచి చిత్తూరుకు డెబ్బై కిలోమీటర్లు. సొంత బండిలో గంటన్నర, బస్సులో రెండు గంటల పైన. ఈ కాస్త దూరం గురించి రాయడానికేముంది అంటారేమో. పోయేటప్పుడు నాకున్న పరువు వచ్చేటప్పటికి లేదు. అందుకే రాస్తున్నాను.

నాది పాత ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌ బండి. నాలుగు చక్రాలూ లాగేది కాబట్టి ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి డిఫరెన్షియల్‌ ఉంటుంది. పళ్ళచక్రాలుండే ఇనప గుండు అది. దాంట్లో ఆయిలు అప్పుడప్పుడు మార్చాలి. ఎనిమిదేళ్ళుగా ఆ పని చంద్రగిరిలో మునిరత్నం చేసేవాడు. ‘వెనకదానికి రెండున్నర లీటర్లు పడతాది సార్‌’ అని ప్రతిసారీ చెప్పేవాడు. ఈసారి నేనే ఇంటి దగ్గర మార్చుకుందామనుకున్నాను. నాలుగు వీడియోలు చూసినవాడికి మెకానిక్కు ఎందుకని నా ధీమా.

మా వీధిలో రోడ్డు వేసినప్పుడల్లా దాని ఎత్తు పెరుగుతుంది, వాన నీళ్ళు లోపలికి రాకుండా మేమూ ఇళ్ళు ఎత్తు పెంచుకుంటాం. దాంతో ప్రతి గేటు ముందూ ఒక ఏటవాలు ర్యాంపు. మాది అందరికంటే నిటారు. మూడు వారాల కిందట ఒక ఆదివారం బండి ముక్కు గేటు వైపు పైకి, వెనక భాగం వీధి వైపు కిందికి పెట్టి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, కిందికి దూరాను. వెనక గుండుకున్న కింది నట్టు విప్పి పాత ఆయిలు దించి, నట్టు బిగించాను. పై నట్టు విప్పి ట్యూబు పెట్టాను. ట్యూబు రెండో కొసలో గరాటు పెట్టి మా ఆవిడ సుజాత పట్టుకుంది. లీటరున్నర పోసేసరికి రంధ్రంలోంచి ఆయిలు పొర్లింది. పొర్లితే నిండినట్టే అని వీడియోలో చెప్పారు. నట్టు బిగించేశాను. లీటరు మిగిలింది.

ఎందుకు మిగిలిందని ఆలోచించలేదు. మిగిలిన సీసా ఫోటో తీసి మా వీధి వాట్సాప్‌ గ్రూపులో పెట్టాను. ‘చంద్రగిరి మునిరత్నం ఎనిమిదేళ్ళుగా మన దగ్గర ప్రతిసారీ లీటరు కొట్టేస్తున్నాడు. జాగ్రత్త’ అని రాశాను. మా వీధిలో ఐదు బండ్లు ఆయన దగ్గరికే పోయేవి.

‘ముందు ఆయన్నొక మాట అడిగితే ఏం పోతాది?’ అంది సుజాత.

‘నీకు తెలీదులే’ అన్నాను. నేను జూనియర్‌ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. మా ఇంట్లో ఆ మాట మీదే చాలా వాదనలు ముగుస్తాయి.

ఇక ప్రయాణం. చిత్తూరులో సుజాత చెల్లెలి గృహప్రవేశం. ఉదయం ఆరూ పదికి బయల్దేరాం. ఆరున్నరకు చంద్రగిరి. మునిరత్నం షెడ్డు రోడ్డు పక్కనే, అప్పుడే రేకు తలుపు తీస్తున్నాడు. చెయ్యెత్తాడు. నేను అద్దం వైపు చూస్తున్నట్టు నటించి పోనిచ్చాను.

ఏడింటికి రోడ్డు పక్కన ఒక పాకలో ఇడ్లీ, కారం దోశ, టీ. ఇద్దరికీ కలిపి నూట ముప్పై. చట్నీ బాగుంది. తిరిగి బండెక్కాక వెనక నుంచి ‘వూఁ’ అని సన్నగా ఒక ఊళ మొదలైంది. వేగం పెంచితే పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. ‘టైర్ల చప్పుడు’ అన్నాను. పూతలపట్టు దాటేసరికి మాడిన వాసన కూడా వచ్చింది. అప్పుడు సుజాత, ‘టైర్లు మాడతా ఉండాయా?’ అని అడిగింది. నేను కిటికీ అద్దం దించాను.

ఎనిమిదింబావుకు చిత్తూరు. పాలు పొంగించడం అయిపోయింది. మా తోడల్లుడు భాస్కర్‌ బండి చప్పుడు వింటూనే, ‘అన్నా, ఇది మంచి చప్పుడు కాదు, మా సెల్వం దగ్గరికి పోదాం పదండి’ అన్నాడు. పప్పు, వడ, పాయసంతో భోజనం చేసి పదకొండున్నరకు పోయాం. ఇంటికి కావలసిన పూలు ఆ దారిలోనే కొనాలని సుజాత కూడా ఎక్కింది.

సెల్వం అరవై ఏళ్ళ మనిషి. మాటలో సగం అరవం. బండిని చదునుగా ఉన్న బండల మీద నిలబెట్టించి, కిందికి దూరి, పై నట్టు విప్పి రంధ్రంలో వేలు పెట్టాడు. వేలికి ఆయిలు తగల్లేదు. పంపుతో పోయడం మొదలుపెట్టాడు. దాదాపు లీటరు పోశాక గాని పొర్లలేదు.

అప్పుడు అర్థమైంది. బండి వెనక భాగం కిందికి వాలి ఉన్నప్పుడు ఆయిలంతా వెనక్కి చేరి, పూర్తిగా నిండకముందే వెనక వైపున్న రంధ్రంలోంచి పొర్లింది. ద్రవం తన మట్టం తాను చూసుకుంటుందని ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను.

‘ఎవురప్పా పోసింది? లీటరు తక్కువ పోసి రోడ్డు మీదికి పంపినాడే, వాడు మనిషేనా?’ అన్నాడు సెల్వం.

చుట్టూ నలుగురున్నారు. భాస్కర్‌ ఉన్నాడు. నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. ‘చంద్రగిరి మునిరత్నం’ అన్నాను.

సుజాత నా వైపు చూడలేదు. చేతిలో పూల పొట్లం ముడి విప్పి, మళ్ళీ కట్టుకుంది.

సెల్వం చేతిలోని పానా కింద పెట్టేశాడు. ‘మా మునిరత్నమా? నా దగ్గర ఆరేండ్లు పని నేర్చుకున్నోడప్పా వాడు’ అని, చెయ్యి తుడుచుకుని ఫోన్‌ తీసి అందరికీ వినబడేలా పెట్టాడు. ఆపడానికి నాకు ధైర్యం చాలలేదు.

‘ఏమిరా, తిరుపతి సారు బండికి ఆయిలు పోసినావంట. లీటరు తక్కువ పోస్తావా? నేను నేర్పించింది ఇదేనా?’

‘సారు పక్కనుండాడా?’ అని అడిగాడు మునిరత్నం.

‘ఉండాడు. ఇంటామె గూడా ఉండాది.’

‘అవునన్నా, నేనే పోసినాను. ఏదో తొందర్లో పొరపాటు జరిగినాది. సారు పని ముందు చేసి పంపన్నా’ అన్నాడు.

సెల్వం ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అవి నిలబడి నేను విన్నాను. నా ఒంటి మీద పడాల్సిన తిట్లు నా ముందే ఇంకొకరి మీద పడుతుంటే, సిగ్గుతో నేల చూడడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఇన్నేళ్ళకు నన్ను చూసి నాకే అసహ్యం వేసింది.

బేరింగు విప్పి చూడాలి, బండి రెండు రోజులు ఉంచమన్నాడు సెల్వం. సుజాత చెల్లెలి దగ్గర ఉండిపోతానంది. వీధి మలుపు దాకా వచ్చి, ‘చంద్రగిరిలో దిగండి’ అని మాత్రం చెప్పింది.

రెండున్నరకు చిత్తూరు బస్టాండులో బస్సెక్కాను. చంద్రగిరికి టిక్కెట్టు వంద లోపే. పాకాలలో ఒక జంట ఎక్కి నా పక్కన కూర్చుంది. ఆయన చేతికి తువ్వాలు కట్టి ఉంది. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు వేయించుకోవడానికి పోతున్నారట.

‘మెట్ల మీద జారినాను’ అన్నాడాయన నాతో.

‘అబద్ధం సారూ. ఈ వయసులో మామిడి చెట్టెక్కినాడు’ అంది ఆవిడ. ‘ఊరంతా మెట్లనే చెప్తా ఉండాడు. నేను గూడా మెట్లనే అనాలంట.’

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను గాని, నవ్వు రాలేదు.

నాలుగూ ఇరవైకి చంద్రగిరిలో దిగాను. మునిరత్నం ఒక ట్రాక్టరు కింద ఉన్నాడు. నన్ను చూసి బయటికి వచ్చి స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు.

‘తప్పు నాది మునిరత్నం. ర్యాంపు మీద పోశాను. నీ పేరు చెప్పాను. నువ్వెందుకు ఒప్పుకున్నావు?’

‘అక్క పక్కనుండాదని సెల్వమన్న చెప్పినాడు గదా సార్‌. ఇంటామె ముందర మీరు అబద్ధం చెప్పినారని నేనెట్లా చెప్పేది?’

‘ఆమెకు తెలుసు’ అన్నాను. ‘ఆ రోజు గరాటు పట్టుకున్నది ఆమే.’

ఆయన చేతులు తుడుచుకున్నాడు. అక్కడే నిలబడి సెల్వానికి ఫోన్‌ చేసి జరిగింది చెప్పాను. ‘తెలుసప్పా’ అన్నాడు సెల్వం. ‘నట్టు అంచులన్నీ అరిగిపోయుండాయి. మావోడు అట్లా విప్పడు. వాడు ఒప్పుకున్నాడని కోపమొచ్చి తిట్టినా.’ భాస్కర్‌కూ చెప్పాను. ఆయన ‘సరేలే అన్నా’ అని పెట్టేశాడు.

‘మీ గ్రూపులో రాసింది గూడా నాకు చూపించినారు సార్‌’ అన్నాడు మునిరత్నం. ‘ఆ పొద్దు అన్నం సయించలేదు. మీ వీధి బండ్లు రాక మూడు వారాలయింది.’

క్షమించమన్నాను. పరవాలేదన్నాడు. టీ తెప్పించాడు. తాగాక, బండి సెల్వం దగ్గర నుంచి రాగానే ముందు ఇరుసు డిఫరెన్షియల్‌కు ఆయిలు నువ్వే మార్చాలి అన్నాను.

‘వద్దు సార్‌. మీ బండి మాత్రం ఈడికి తేవద్దు’ అన్నాడు. గొంతులో కోపం లేదు. ‘ఇంక మీ బండికి ఎంత ఆయిలు పోసినా తక్కువయిందేమో అనిపిస్తాది నాకు.’

ఐదుంబావుకు తిరుపతి బస్సు దొరికింది. సీటు లేదు. కడ్డీ పట్టుకుని నిలబడి, రెండో చేత్తో గ్రూపులో రాశాను: ‘ఆయిలు తప్పుగా పోసింది నేను. బండి ర్యాంపు మీద నిలబెట్టి పోశాను. మునిరత్నం ఎన్నడూ ఒక్క చుక్క తినలేదు. నేను రాసింది అబద్ధం.’ ఇంట్లో ఈ పని చేసుకోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. బండి చదునుగా ఉందో లేదో ముందు చూసుకోండి. ఆయిలు మిగిలితే ముందు మిమ్మల్ని మీరు అనుమానించండి.

తిరుపతిలో బస్సు దిగేసరికి జవాబులొచ్చాయి. ఇద్దరు దండాలు పెట్టారు. మూడో ఇంటాయన, ‘నా బండికి కూడా ఆయిలు మార్పించాలి సార్‌, ఆదివారం ఇద్దరం కలిసి మునిరత్నం దగ్గరికి పోదాం’ అని రాశాడు. ఆదివారం నాకు పని ఉందని రాయబోయాను. రాసింది తుడిచేశాను.

‘మీరు పోండి. నన్ను రావద్దన్నాడు’ అని పంపాను.