నవ్వనివాళ్ల కోసం వెతుకులాట

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, వేసవిలో, వాకాడు వైపు ఒక శాఖా గ్రంథాలయానికి నన్ను బదిలీ చేశారు. హోదా మూడో గ్రేడు లైబ్రేరియన్. అంటే తాళం తీయడం, దుమ్ము దులపడం, తాళం వేయడం. మూడూ నేనే గనక మూడో గ్రేడు అనుకునేవాణ్ణి.

అక్కడ ఒక ఇంగ్లీషు అలమర ఉండేది. ఏడాదిపాటు ఎవరూ ముట్టని అలమరను జిల్లా కేంద్రానికి తిప్పి పంపాలని నియమం. మాకున్న ఇంగ్లీషు పాఠకురాలు ఒక్కరే, రిటైరైన టీచరు ఎస్తేరమ్మ గారు. పాత బ్రిటిష్ హాస్య నవలలంటే ఆమెకు ప్రాణం. ఉన్నవన్నీ కంఠతా వచ్చేశాయి.

"ఈ కాలంవాళ్లు అట్టాంటివి రాయటంలేదా ఏంది? తెస్తే తే, లేకుంటే నా కార్డు తీసేసుకో" అన్నారు.

కార్డు పోతే అలమర పోయినట్టే. నా హయాంలో అది కదలకూడదని పట్టుబట్టాను. శాఖా లైబ్రేరియనుకు పుస్తకం కొనే అధికారం లేదు. విరాళంగా వస్తే మాత్రం ముద్ర వేసి చేర్చుకోవచ్చు. అందుకని నేనే దాతనయ్యాను, నేనే పుచ్చుకున్నాను, నాకు నేనే కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

అట్ట మీద 'కడుపుబ్బ నవ్విస్తుంది' అని ఉన్నవి మూడు తెచ్చాను. వారంలో మూడూ తిరిగొచ్చాయి.

"ఏందయ్యా, వీటిల్లో అందరూ పకపకా నవ్వతానే ఉండారు. ఇంక నేను నవ్వేదానికి చోటేడుంది? పాతవాటిలో ఒక్కడన్నా నవ్వతాడా? బాధ వాళ్లది, నవ్వు మనది."

ఇన్నేళ్ల ఉద్యోగంలో పుస్తకాన్ని ఎంచుకోవడం ఎలాగో ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. మరుసటి ఆదివారం నెల్లూరులో పాత పుస్తకాల అంగడికి వెళ్లాను. కొత్త నవలలు ఒక్కొక్కటే తెరిచి, పాత్రలు నవ్వుతూ కనబడితే మూసేశాను. అంగడాయన చాలాసేపు చూసి, ఏం కావాలని అడిగాడు.

"నవ్వని మనుషులుండే హాస్య నవల."

"మా ఇంటికి రాండి సార్, మా మామ ఉండాడు."

సాయంత్రానికి ఒకటి దొరికింది. ఇంగ్లండులో ఒక పల్లె. ఊరి హాలు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలని ఫోన్ గ్రూపులో తగాదా. హాలుకు తలుపే లేదని తేలినా తాళంచెవి మీద తీర్మానాలు ఆగవు. నిలబడే నాలుగు అధ్యాయాలు చదివి బస్సు పోగొట్టుకున్నాను.

ఎస్తేరమ్మ గారు దాన్ని మా హాల్లోనే, 'నిశ్శబ్దం' బోర్డు కింద కూర్చుని మొదలుపెట్టారు. కాసేపటికి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నారు, నవ్వాపుకోలేక. పేపరు చదువుతున్న రైతులు ఏందక్కా అంటే, కథ తెలుగులో చెప్పారు. వాళ్లలో రమణయ్య పేపరు మడిచి, గంభీరంగా తలాడించాడు.

"తలుపుది ఏముందక్కా, రేపు పెట్టిస్తారు. తాళంచెవి మాత్రం ప్రెసిడెంటు కాడే ఉండాల."

"సెక్రటరీ ఉండాడు దేనికన్నా, గోళ్లు గిల్లుకునేదానికా?" అన్నాడు పక్కాయన.

వాదన గంట సాగింది. ఒక్కరూ నవ్వలేదు. ఎస్తేరమ్మ గారు నా వైపు చూసి, కార్డు రెన్యువల్ చేయమని సైగ చేశారు.

నేను రిటైరయ్యే నాటికి అలమర అక్కడే ఉంది. ఆ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. హాస్య నవలను అట్ట మీది మాట చూసి తీసుకోకూడదు. లోపలివాళ్లు నవ్వుతున్నారా అని చూడాలి. నవ్వకపోతే ముద్ర వేసుకోవచ్చు.