ముందుగది కోసం జరిగిన యుద్ధం

లాక్‌డౌన్ కాలంలో ఐర్లండ్‌లో, లీక్స్‌లిప్ ఊళ్లోని మా అద్దె ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే గది ముందుగది ఒక్కటే. మేడమీది గదులు పక్కింటి గోడను ఆనుకుని ఉండేవి. ఆ ఇంటి పిల్లలు పొద్దున్నే టీవీ ముందు గెంతుతూ వ్యాయామం చేసేవారు. సోమవారం ఉదయం నాకు పైపదవికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. సరిగ్గా అదే వేళకు, మాతో ఇల్లు పంచుకున్న హాంకాంగ్ పరిశోధక విద్యార్థికి సెమినార్. గది ఎవరిదో క్యారమ్స్‌తో తేల్చుకుందామన్నది నేనే. అతనికి ఆ ఆట నేర్పిందీ నేనే.

ఆదివారం సాయంత్రం అతను రెడ్డునూ, ఫాలోనూ ఒకే దెబ్బకు వేసి గెలిచాడు. గెలిచి, కాంటనీస్‌లో "సౌ హా పాయ్ చ్యోంగ్" అన్నాడు. 'నా చేతిలో ఓడిన సేనాపతి' అని అర్థమట. ఓడినవాడు మళ్లీ నోరెత్తితే ఇదే జవాబట.

నేను నోరెత్తాను. గాలిలో తేమ పెరిగినకొద్దీ ప్లైవుడ్ మీద ఘర్షణ ఎలా మారుతుందో, మా కంప్యూటర్ చిప్పుల కర్మాగారంలో తేమను ఎందుకంత కట్టడి చేస్తామో సవివరంగా చెప్పాను.

"సౌ హా పాయ్ చ్యోంగ్."

ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరబోతున్న మా ఆవిడ టిఫిన్ డబ్బా మూతపెడుతూ, "కిందపడ్డా పైచేయి నాదే అంటావే! లే, అవతలికి జరుగు," అంది.

"నీకు ఆడటం వచ్చా?"

"గుంటూరులో మా లేడీస్ హాస్టల్ ఛాంపియన్ని. నువ్వెప్పుడన్నా అడిగావా?"

అతనికి స్ట్రైకర్ ముట్టుకునే భాగ్యం అరుదుగానే దక్కింది. చివరి కాయ వేసి ఆమె ఆ నాలుగు మాటలూ అతనికే అప్పజెప్పింది. ఉచ్చారణ దోషం అతను భరించలేకపోయాడు. "డాక్టర్, 'పాయ్' దగ్గర స్వరం దించాలి," అంటూ సరిదిద్దాడు. ఆమెకు పట్టుబడేదాకా తన ఓటమిని తానే శ్రద్ధగా వల్లె వేయించాడు.

"హమ్మయ్య, గది మనదే," అన్నాను.

"మనదేంటి, నాది! నైట్ డ్యూటీ చేసొచ్చి ఆ గెంతుల పక్కన ఎట్టా పడుకోను?"

మిగిలింది వంటగది. సోమవారం అతను దాన్ని నాకు వదిలి, ల్యాప్‌టాప్‌తో పెరటి మెట్టు మీద, తుంపరలో, గొడుగు కింద కూర్చున్నాడు. ఇంటర్వ్యూ మధ్యలో ప్యానెల్‌లోని ఒకావిడ నా వెనక కిటికీ వైపు చూసి, "బయట ఆయన బాగానే ఉన్నారా?" అని అడిగారు.

"గ్రాండ్," అన్నాను. బాగానే ఉన్నాడనడానికి ఐర్లండ్‌లో అదే మాట.

ఆ పదవి అక్కడికక్కడే ఖాయమైంది. గది గెలిచిన మనిషికి ఆ కబురు చెప్పడానికి మాత్రం మధ్యాహ్నం దాకా ఆగాల్సివచ్చింది. తలుపు గడియ పెట్టుకుంది.