బావ గడ్డం

ఆదివారాలు ఆమె దగ్గర కారు నేర్చుకునేవాళ్లకు ఒక అనుమానం ఉండేది: ఈవిడకు మనం బండి నేర్చుకోవడం అసలు ఇష్టమేనా అని. ఎవరైనా కాస్త ధైర్యం చేసి మూడో గేరు వేస్తే చాలు, మొహం ముడుచుకునేది. "ఎందుకండీ తొందర? రెండోది హాయిగానే ఉంది కదా" అనేది.

కారణం వెనక సీట్లో ఉండేది. అక్కడ ఒకతను కిటికీలోంచి కెమెరా బయటికి పెట్టుకుని కూర్చునేవాడు. కారు పక్కనే కాలిబాట మీద గడ్డమున్న ఒకాయన చేతులు వేలాడేసుకుని నడిచి వస్తుండేవాడు. మనిషి నడిచే వేగంతో, కుదుపు లేకుండా కారు పోనివ్వడం అందరి వల్లా అయ్యే పని కాదు. మొదటి వారం వాళ్లు బండిని కప్పలా గెంతిస్తారు. లైసెన్సు చేతికొచ్చేవాళ్లు గాలిలో పోతారు. ఆ రెంటికీ మధ్య ఒక దశ ఉంటుంది. క్లచ్ లొంగింది, ధైర్యం ఇంకా రాలేదు. ఆ దశలో ఉన్నవాళ్లంటే ఆమెకు పంచప్రాణాలు. వాళ్లు గట్టెక్కి వెళ్లిపోతుంటే నిజంగానే బెంగపడేది.

ఆమెను అందరూ డైరెక్టరమ్మ అనేవారు. కొందరు గౌరవంగా, ఎక్కువమంది వెటకారంగా. ఆమె రెండింటికీ పలికేది. వారమంతా డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు, ఆదివారం పాఠంతోపాటే సినిమా. అంతకుముందు చిన్న సినిమాలు రెండు తీసింది. ఒకటి ఓ హాల్లో వేశారు. చూసినవాళ్లలో సగం చుట్టాలు, తక్కిన సగం వానకు తలదాచుకున్నవాళ్లు. రెండోదాన్ని ఊరూరా పోటీలకు పంపింది. ఎంపిక చేయలేకపోయినందుకు చింతిస్తున్నామని జవాబులొచ్చేవి. "చింతిస్తున్నారట పాపం" అని వాళ్లమీదే జాలిపడేది.

మూడోది పెద్ద సినిమా. కథ అరచేతిలో రాసుకోవచ్చు. ఉద్యోగం పోయిన మనిషి పొద్దున్నే బల్బు కొనుక్కొస్తానని ఇంట్లోంచి బయల్దేరతాడు. సాయంత్రం దాకా ఇంటికి రాడు. అంతే. పనిలేనివాడికి పక్కవీధి దుకాణం కూడా ఎంత దూరమవుతుందో చూపించాలని ఆమె తాపత్రయం. ఒక్క రోజు కథ. తీయడం మొదలుపెట్టి ఏడాదిన్నరయింది.

"ఒక్క బల్బుకి ఏడాదిన్నరా?" అని అక్క దెప్పేది. "ఈలోగా మా ఇంట్లో నేను నాలుగు మార్చాను. ఒక్కదాన్నే. కెమెరా లేకుండా."

హీరో ఎవరో కాదు, ఆ అక్క మొగుడే. బావ పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ మూతపడ్డాక ఇంట్లో కూర్చుని గడ్డం పెంచాడు. పెంచానని ఆయన ఒప్పుకోడు, అదే పెరిగిందంటాడు. ఒకరోజు ఆమె వెళ్లేసరికి కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో ఎవరూ లేకపోయినా వీధినే చూస్తున్నాడు.

"బావా, అలాగే ఉండు. కదలకు" అంది.

"నేను కదిలి చాలా రోజులైంది" అన్నాడాయన.

హీరో వేషం అనగానే, జీతం ఎంతని అడిగాడు.

"టీ ఇస్తాను."

"రెండుపూటలా?"

"షూటింగ్ జరిగినంతసేపూ."

"అయితే మా ప్రెస్సు కంటే నయమే."

అలా మొదలైంది. బావకు కుదిరిన ఆదివారం కెమెరామన్‌కు కుదరదు. అతనూ ఆదివారపు మనిషే. మిగతా రోజుల్లో కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. పేరుకు బదులు ఫోకస్ అనే పిలుస్తారు. ఇద్దరికీ కుదిరితే వాన పడేది. వాన పడకపోతే రోడ్డు తవ్వేవాళ్లు. ఈలోగా బావకు పొట్ట వచ్చింది. సినిమాలో ఆయన ఒక సందులోకి సన్నగా వెళ్లి, అవతలివైపు పొట్టతో బయటికొస్తాడు.

"ఆ సందులో ఏం తిన్నాడని అడిగితే ఏం చెప్తావు మేడం?" అనేవాడు ఫోకస్.

"ఎవరూ పొట్ట చూడరు. గడ్డం చూస్తారు."

గడ్డం మాత్రం ఏడాదిన్నరగా వెంట్రుక తేడా లేకుండా ఉంది. శనివారం శనివారం బావ పాత ఫోటో అద్దానికి ఆనించి, చిన్న కత్తెరతో అదే కొలతకు తెచ్చుకునేవాడు. ప్రెస్సులో కాగితం అంచులు కోసిన చెయ్యి అది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన ఖాళీగా ఉన్నట్టు అనిపించేది కాదని అక్కే ఒకసారి చెల్లెలితో అంది.

ఇక ఒక్క సీను మిగిలింది. సాయంత్రం ఆయన ఇంటికొస్తాడు, భార్య తలుపు తీస్తుంది. భార్య కనిపించేది సినిమా మొత్తంలో అక్కడే. బ్యాంకులో పనిచేసే ఒకావిడ, నాటకాల అనుభవం ఉన్నావిడ, ఆ వేషానికి ఒప్పుకుంది. అయితే బ్యాంకువాళ్లు ఆవిడను ఏదో శిక్షణకని పంపారు. వారం ఆగాలి. ఏడాదిన్నర ఆగినవాళ్లకు వారం ఒక లెక్కా అనుకున్నారు.

శనివారం మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. హోటల్లో వచ్చినవాళ్లకు గదులిచ్చే చోట ఉద్యోగం ఖాళీగా ఉందట. సోమవారం పొద్దున్నే రమ్మన్నారట. చివర్లో ఇంకోమాట చెప్పారట: నున్నగా గడ్డం గీసుకుని రావాలి.

ఆమె పరుగున అక్క ఇంటికి వెళ్లింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "పై సోమవారం వస్తానంటే కుదరదా?" అని అడిగింది.

అక్క కూర తరుగుతోంది. కత్తి ఆపింది.

"ఏమన్నావే?"

"ఒక్క వారమే అక్కా. ఒక్క సీను."

"మనిషికి ఉద్యోగం వచ్చేలా ఉందంటే ముందు సంతోషం అనాలి. తర్వాత ఏడవాలి. వరస కూడా తెలీదా నీకు? నీ సినిమా అయ్యేదాకా నా మొగుడు ఖాళీగా కూర్చోవాలా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఇన్నాళ్లూ బావ ఎక్కడికో వెళ్లి ఉత్తచేతులతో వచ్చినప్పుడల్లా ఆమె "అయ్యో" అనేది. ఆ అయ్యో అబద్ధం కాదు. కానీ దాని వెనకాలే, అయితే ఆదివారం ఉంటాడన్నమాట అనే లెక్క ఒకటి తోసుకొచ్చేది. సినిమా పూర్తికావాలంటే బావకు పని దొరక్కూడదు. ఎవరితోనూ అనలేదు గానీ ఏడాదిన్నరగా ఆమె దీనిమీదే బతుకుతోంది.

ఫోకస్ ఒక పెట్టుడు గడ్డం పట్టుకొచ్చాడు. ఏదో నాటక సమాజంలో అరువు తెచ్చాడట. దాన్ని బావ తన గడ్డం మీదే ఆనించుకుని అద్దంలో చూసుకున్నాడు.

"ఇది పెట్టుకుంటే మేక కూడా నన్ను తనలో కలుపుకోదు."

"దూరం నుంచి తీస్తాను అన్నా" అన్నాడు ఫోకస్.

"ఎంత దూరం? పక్క ఊరి నుంచా?"

బావ ఆ పెట్టుడు గడ్డం తీసి బల్లమీద పెట్టాడు. "పోనీ, ఈ ఉద్యోగం కాకపోతే ఇంకోటి" అని గొణిగాడు. మరదలి మొహం చూసి అన్న మాట అది. అది విని అక్క కత్తి పక్కన పడేసింది.

"బాగుంది వరస! గడ్డానికి ఇద్దరు కాపలా, దాన్ని తుడిచి అన్నం పెట్టేదాన్ని నేను. అంత ప్రాణం పోతుంటే ఆ గొరిగించుకోవడం కూడా సినిమా తీసుకోండి. అందరం కూర్చుని ఏడుద్దాం."

"అక్కా, ఇంకోసారి అను" అంది ఆమె.

"ఏది, ఏడుద్దామనా?"

"కాదు. దాని ముందుది."

రెండు నిమిషాల్లో కథ మారిపోయింది. బల్బు కోసం తిరిగి తిరిగి అలసినవాడు సాయంత్రం మంగలి షాపు కనబడితే కూర్చోవడానికని లోపలికెళ్తాడు. కూర్చున్నాక ఊరికే ఉండలేక గడ్డం తీయించుకుంటాడు. ఆ మొహంతో ఇంటికెళ్తాడు. తలుపు సీను వారం తర్వాత తీసినా ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఒక్కటే. చొక్కా చిరిగితే అలాంటివే ఇంకో రెండున్నాయి. మాట తప్పితే మళ్లీ చెప్పించొచ్చు. గడ్డం మాత్రం ఒకసారే తెగుతుంది. టేకు ఒక్కటే.

వీధి చివరి మంగలి, ఆదివారం గిరాకీ మొదలవకముందే వస్తే సరేనన్నాడు. తెల్లారి వెళ్లేసరికి కొత్త చొక్కాలో, జుట్టుకు నల్లరంగు వేసుకుని, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"రోజూ ఎలా ఉంటావో అలా ఉండమన్నాను కదయ్యా?"

"రోజూ ఇలాగే ఉంటానమ్మా" అన్నాడు. కాలరు వెనక ధర చీటీ వేలాడుతోంది. ఫోకస్ దాన్ని తెంపాడు.

"నువ్వు మాట్లాడకూడదు. గడ్డం గీయి, అంతే" అంది ఆమె.

"మాట్లాడకుండా గీయడమా?" మంగలి నిజంగా కంగారుపడ్డాడు. "చెయ్యి ఆడదమ్మా. నోరూ చెయ్యీ కలిసే నేర్చుకున్నాను."

"కాసేపు ఓర్చుకో."

షాపులో ఎటు చూసినా అద్దాలే. ఫోకస్ ఆరేసిన తువ్వాళ్ల వెనక దాక్కున్నాడు. మైకు పట్టుకునేవాళ్లు వేరే ఎవరూ లేరు గనక డైరెక్టరమ్మే కుర్చీ పక్కన అద్దాల బల్ల కిందికి దూరింది. అక్కడినుంచి ఆమెకు కనిపించేవి బావ చెప్పులూ, మంగలి చెప్పులూ, నేలమీద రాలిన నిన్నటి జుట్టూ. సినిమా మొత్తానికి మళ్లీ తీయడానికి వీల్లేని షాటు అదొక్కటి. దాన్ని ఆమె చెవులతో చూడాలి.

యాక్షన్ అంది. నురగ కలిపిన చప్పుడు. కత్తి చప్పుడు. ఎండిన ఆకు మీద గోటితో గీసినట్టు ఉంది. ఒక చెంప అయినట్టుంది, మంగలి చెప్పులు ఇటునుంచి అటు నడిచాయి. అంతా సవ్యంగా ఉంది. ఆమె ఊపిరి వదలబోయింది.

"ఏం చేస్తుంటారు సార్?" అన్నాడు మంగలి.

ఆమె కళ్లు మూసుకుంది. ఆ మనిషి కావాలని అనలేదు. నోటికి అలవాటైన ప్రశ్న, కుర్చీలో కూర్చున్న ప్రతివాణ్నీ అడిగేది. కానీ ఏడాదిన్నరగా ఇంటికొచ్చినవాళ్లు, వీధిలో ఎదురైనవాళ్లు, తనతో సహా అందరూ బావను అడక్కుండా తప్పించుకు తిరిగిన ప్రశ్న అదే. కళ్లు తెరిచేసరికి చెప్పుల్లో బావ కాలివేళ్లు ముడుచుకున్నాయి.

"రేపట్నుంచి చెప్తాను" అన్నాడు బావ.

"అదేంటి సార్? ఇవాళ చెప్తే ఏమైంది?"

"ఇవాళ ఏం లేదు."

కత్తి ఆగింది. కట్ అనాలా? అంటే సగం గడ్డం సగం మనిషి. అనకపోతే రాయని మాటలు. అయినా ఆ గొంతు ఆమె ఎరిగిన బావ గొంతులా లేదు. ఎప్పుడూ ఒక జోకు చాటున ఉండే మనిషి, దాన్ని పక్కకు తీసి మాట్లాడినట్టుంది. ఆమె మైకు కాస్త పైకెత్తింది.

"ఇవాళ ఏం లేకపోతే ఇవాళ కదలకండి" అన్నాడు మంగలి. "మెడ దగ్గరున్నాను."

కత్తి మళ్లీ నడిచింది. చివరికి కుర్చీ కిర్రుమంది. బావ లేచి నిలబడ్డాడు. చాలాసేపు ఆ చెప్పులు అద్దం ముందునుంచి కదల్లేదు. ఆమె కట్ చెప్పేలోపే మంగలి చెప్పులు కెమెరావైపు తిరిగాయి.

"బాగొచ్చిందామ్మా? మధ్యలో మాట్లాడేశాను. ఇంకోసారి చేద్దామా?"

బావ చెంపలు తడుముకున్నాడు. "చేద్దాం. ఆర్నెల్లాగి రా."

ఆమె బల్ల కిందినుంచి పాకుతూ బయటికొచ్చింది. "వచ్చిందా?" అని ఫోకస్‌ను అడిగింది.

"మొహం నిఖార్సుగా వచ్చింది. ఒకచోట నా చెయ్యే కదిలింది."

"ఎక్కడ?"

"ఏం లేదు అన్నాడు చూడు, అక్కడ."

కెమెరా వెనకనున్న చిన్న తెరమీద చూసింది. ఆ చోట బొమ్మ నిజంగానే కదిలింది. ఉండనీ అంది. వాకిట్లో ఫ్లాస్కుతో నిలబడ్డ అక్క లోపలికి తొంగిచూసి, "ఏవండీ, మా ఆయన ఇటొచ్చాడా? గడ్డముంటుంది" అని బావనే అడిగింది. అడిగాక గబుక్కున తల తిప్పుకుని టీ పోయడంలో పడిపోయింది.

సోమవారం మధ్యాహ్నం డ్రైవింగ్ స్కూలుకు ఫోనొచ్చింది.

"వచ్చింది" అన్నాడు బావ. "రేపట్నుంచే రమ్మన్నారు."

"సంతోషం బావా" అంది. ఈసారి వరస తప్పలేదు. లోపల్నుంచి ఇంకే లెక్కా తోసుకురాలేదని గమనించి కాస్త ఆశ్చర్యపోయింది కూడా.

"కాకపోతే ఆదివారాలు డ్యూటీ. సెలవు మంగళవారం, వచ్చే వారం నుంచి. రోజూ గీసుకోవాలట. గడ్డం మారుతుందన్న భయం నీకిక లేదు మరదలా, ఎన్నేళ్లయినా తీసుకో."

ఫోను అటువైపు చేతులు మారింది.

"ఎన్నేళ్లయినా లేదు, ఏం లేదు" అంది అక్క. "వచ్చే మంగళవారం. ఒకటే. సాయంత్రం ఆరింటికల్లా కెమెరా సర్దేయాలి."

"అక్కా, మంగళవారం ఆవిడకు బ్యాంకు ఉంటుంది. శిక్షణ అయిపోయినా సెలవివ్వరు."

"తలుపు తీయడమే కదా?"

"అంతే."

"మాటేమైనా ఉందా?"

"'వచ్చారా' అనాలి."

"పొద్దుననగా పోయిన మనిషి సాయంత్రం ఉత్తి చెంపలేసుకుని వస్తే వచ్చారా అంటానా? పెళ్లి కానిదానివి, నీకేం తెలుసు! నా మాట నేనే చూసుకుంటాను."

"ఏమంటావో ముందే చెప్పు, రాసుకుంటాను."

"అదేంటో తలుపు తీశాక కదా తెలిసేది."

డైరెక్టరమ్మ వాదించలేదు. ఫోకస్‌కు ఫోన్ చేసి, మంగళవారం మధ్యాహ్నం నుంచి దుకాణానికి సెలవు పెట్టుకోమంది. ఈసారి కూడా టేకు ఒక్కటే ఉండొచ్చని చెప్పింది.