యోనాస్ మాస్టారి చివరి కచేరీ

మొన్న రెజిమెంటల్ బజార్‌లో గొడుగు బాగుచేయించుకుందామని వెళ్తే, పక్క కొట్లో ఎవరో వయొలిన్ కమానుకు రోజిన్ రుద్దుతున్నారు. ఆ జిగురు వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. మోకాళ్ల నొప్పులనుకుని కొట్టతను స్టూలు వేశాడు. నేనూ కాదనలేదు. గొడుగు తయారయ్యేదాకా అక్కడే కూర్చుని యోనాస్ మాస్టారిని తలుచుకున్నాను.

మాస్టారిది లిథువేనియా. బాల్టిక్ సముద్రం ఒడ్డున చిన్న దేశం. అక్కడ పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రా నడిపిన మనిషి ఒక గాన బృందంతో బొంబాయి దాకా వచ్చారు. బృందం అక్కడే చెదిరిపోయింది. సికింద్రాబాద్‌లో ఒక సంగీత సంఘానికి కండక్టర్ కావాలని విని రైలెక్కారు. చుట్టపు చూపుగా వచ్చి పద్దెనిమిదేళ్లు ఉండిపోయారు. ఈలోగా యుద్ధంలో ఆయన దేశం పటంలోంచి పోయింది. ఇంటిపేరు పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. బాకాలు ఊదేవాళ్లు తప్ప ఎవరూ సాహసించేవారు కారు. చర్చిలో కీర్తనలకు వాయించే మాలాంటి గుంటూరు వైపు క్రైస్తవులు, రైల్వే గుమాస్తాలు, పల్టన్ బ్యాండులో పింఛను పుచ్చుకున్నవాళ్లు, ఇదీ ఆయనకు దొరికిన ఆర్కెస్ట్రా. నేను రెండో వయొలిన్లలో ఆఖరివాణ్ణి. మూడో వయొలిన్లంటూ లేకపోబట్టి రెండో వాటిలో ఉన్నాను. నాకు తాళం నిలవదని తేలాక మాస్టారు బీరువా తాళం నా చేతికిచ్చారు. స్వరాల కాగితాలన్నీ అందులోనే ఉండేవి. కచేరీకి ముందు ఎవరివి వాళ్ల ఫోల్డర్లో సర్ది స్టాండు మీద పెట్టడం నా పని.

ఆయనకొక అలవాటుండేది. సాధనలో ఎవరు తప్పినా చేయి దించేసి, "తప్పు నాది. ఫిర్ సే" అనేవారు. ఆయనకొచ్చిన తెలుగూ ఉర్దూ చాలావరకు ఆ రెండు ముక్కలే. ఒకసారి నేను అందరికంటే ముందే కమాను లాగేశాను. బోయిన్‌పల్లి నుంచి సైకిల్ మీద వచ్చే ట్రంపెట్ మల్లయ్య వెనక్కి తిరిగి, "శామ్యూల్ సారూ, రైలుకు గిట్ల టైమయిందా? ఒక్కనివే ఉరికినవ్" అన్నాడు. మాస్టారు మాత్రం తప్పు తనదే అన్నారు. సాధన అయ్యాక బీరువా దగ్గర అడిగాను, నా తప్పు మీదెలా అవుతుందని. ఆయన ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు: "నా చేయి స్పష్టంగా ఉంటే నువ్వు సరిగ్గా వస్తావు. నువ్వు రాలేదు. అంటే నా చేయి బాగా లేదు." నాకు భలే హాయనిపించింది. తప్పు చేయడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఆ రోజుల్లో ఏ కచేరీ అయినా నిజాం రాజ్యగీతంతో మొదలవ్వాలి. మాస్టారు కర్ర పైకెత్తితే చాలు, మా చేతులు వాటంతటవే ఆ గీతంలోకి వెళ్లిపోయేవి. పోలీసు చర్య అయిన కొన్ని నెలలకు, కొత్తగా వచ్చిన అధికారుల కోసం సంఘంవాళ్లు ఒక కచేరీ పెట్టారు. రాజ్యగీతం కాగితాలన్నీ తీసేసి, పైన వాల్ట్జ్ అనే డాన్సు బాణీ ఒకటి పెట్టమని మాస్టారు నాకు రెండుసార్లు చెప్పారు. వయొలిన్లవి, సెల్లోలవి, క్లారినెట్లవి మార్చాను. బాకాలవాళ్ల మూడు ఫోల్డర్లు మిగిలాయి. ఇంతలో ఎవరో చాయ్‌కి పిలిచారు. వచ్చి చేద్దాంలే అనుకున్నాను. వచ్చేసరికి హాలు నిండిపోయింది, నా బుర్ర ఖాళీ అయింది.

కర్ర లేచింది. మేము మెత్తగా వాల్ట్జ్ ఎత్తుకున్నాం. వెనక నుంచి మూడు బాకాలు నిజాం గీతాన్ని నిండు గుండెతో ఊదాయి. వయొలిన్లు ఎన్ని ఉంటేనేం, మూడు బాకాల ముందు దోమలే. మాస్టారు చేయి దించి, సభ వైపు తిరిగి తలవంచి, "తప్పు నాది" అన్నారు. ముందు వరసలో ఒక అధికారి నవ్వేశాడు కూడా. సంఘం కార్యదర్శిగారు మాత్రం నవ్వలేదు.

మర్నాడు సంఘం కూర్చుంది. బీరువా తాళం ఉన్నవాణ్ణి గనక నన్నూ రమ్మన్నారు. "ఆ కాగితాలు ఎవరు పెట్టారు?" అన్నారు కార్యదర్శిగారు. నేను గొంతు సవరించుకునేలోగా మాస్టారు, "తప్పు నాది" అన్నారు. ఇన్నాళ్లూ ఆ మాటకు అర్థం 'మళ్లీ వాయిద్దాం' అని. ఆ గదిలో దాన్ని నేరం ఒప్పుకోవడంగా రాసుకున్నారు. ఏ దేశపు కాగితమూ లేని మనిషి, కొత్త ప్రభుత్వం ముందు పాత గీతం వాయించాడు, ఇక ఉంచుకోలేమన్నారు. సర్కారు బడిలో నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ఎవరెవరు ఎటు ఉన్నారని విచారణలు జరుగుతున్న రోజులు. బీరువా తాళం జేబులో వేసుకుని అందరితోపాటు లేచాను.

మెట్లు దిగుతుంటే, తలుపు దగ్గర నిలబడి అంతా విన్న మల్లయ్య నా భుజం పట్టుకున్నాడు.

"కాయితం పెట్టింది నువ్వే గద సారూ. ఒక్క మాట అంటే ఏంబోయె?"

"నౌకరీ పోయేది మల్లయ్యా."

"ఆయనది పోలేదా మరి?" అన్నాడు. ఆ రోజు అతను పరాచికాలాడలేదు.

మాస్టారు మద్రాసు వెళ్తున్నారని తెలిసి స్టేషన్‌కి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. దారి పొడుగునా ఆ వాక్యాన్ని సాధన చేశాను. ఆయన కిటికీ దగ్గర కూర్చుని, నేను నోరు తెరవకముందే నా చేయి పట్టుకున్నారు. "తొమ్మిదేళ్లలో నువ్వు ఒక్క కాగితం పోగొట్టలేదు. కొత్త కండక్టర్ వస్తాడు. బీరువా నీ దగ్గరే ఉంచమని నేను చెప్పానని ఆయనకు చెప్పు." ఎవరు చేశారో ఆయనకు తెలియదనుకోవడానికి లేదు. ఆ కాగితాలు ముట్టుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. రైలు కదిలింది. నేను సరేనన్నాను.

కొత్త కండక్టర్ రాలేదు. ఆరు నెలలు ఎదురుచూసి ఆర్కెస్ట్రా ఎవరి దారిన వారు పోయారు. నా ఉద్యోగం పక్కా అయింది, హెడ్మాస్టరునై పింఛనూ పుచ్చుకున్నాను. మాస్టారు పోయారని ఎప్పుడో ఆలస్యంగా తెలిసింది. నా గురించి ఆయన చెప్పమన్న మంచి మాట మాత్రం ఎవరికీ అందక నా దగ్గరే ఉండిపోయింది. అది నాకు చెందేది కాదు. తిరిగి ఇచ్చేద్దామంటే ఇచ్చినాయన లేరు.